ఇంటికీ ఇంటికీ మధ్య ఒక ఇనుప గది

పాత ఇల్లు ఖాళీ చేసే రోజు, కొత్త ఇంటి తాళాలు చేతికొచ్చే రోజు ఒకటే అయితే మీకు కంటైనర్ అక్కర్లేదు. ఒక లారీ మాట్లాడుకోండి, పొద్దున ఎక్కించండి, సాయంత్రానికి దించుకోండి. నేను రాస్తున్నది ఆ రెండు తేదీలూ కలవని వాళ్ల కోసం. మాకు కలవలేదు. ఇటు మా ఇల్లు కొన్నవాళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని అడుగుతున్నారు. అటు కొత్తింట్లో గచ్చు పని తేలలేదు, రంగులు మొదలే కాలేదు. మధ్యలో వారాలకు వారాలు. మనుషులం ఆడపడుచు ఇంట్లో సర్దుకుంటాం, సరే. సామాను సంగతేంటి?

అప్పుడు మా తమ్ముడు పోర్టబుల్ స్టోరేజ్ కంటైనర్ మాట ఎత్తాడు. ఖాళీ డబ్బా ఒకటి ట్రక్కు మీద తెచ్చి మన వాకిట్లో దించుతారు. మన వీలును బట్టి రోజూ కొంత సర్దుకుంటాం. నిండాక తాళం వేసి కబురు చేస్తే వచ్చి ఎత్తుకెళ్లి వాళ్ల గోడౌన్లో పెడతారు. కాదంటే అద్దె కడుతూ మన స్థలంలోనే ఉంచుకోవచ్చు. కొత్తిల్లు తయారయ్యాక అక్కడికి తెచ్చి దించుతారు. వేసిన తాళం వేసినట్టే, సర్దిన సామాను సర్దినట్టే.

అత్తయ్యగారికి మొదట్లో ఇది అస్సలు రుచించలేదు. "ఇల్లంతా తీసుకెళ్లి రేకు డబ్బాలో పెడతావా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ బెంగంతా టేకు బీరువా మీద. దాని గురించి తర్వాత చెబుతాను.

నన్ను ఒప్పించింది ఒక చిన్న లెక్క. లారీ, గోడౌన్ పద్ధతిలో అయితే సామాను నాలుగుసార్లు చేతులు మారుతుంది. ఇంట్లోంచి లారీలోకి, లారీలోంచి గోడౌన్లోకి, మళ్లీ గోడౌన్లోంచి లారీలోకి, లారీలోంచి కొత్తింట్లోకి. కంటైనర్‌లో అయితే రెండే: ఎక్కించడం, దించడం. సామానుకు దెబ్బ తగిలేది, మూలలు చెదిరేది ఎక్కువగా ఇలా చేతులు మారేటప్పుడే. సరుకుల ఓడల వ్యాపారాన్ని మార్చేసింది కూడా ఈ లెక్కే. మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల యజమాని 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 కంటైనర్లు పెట్టించి అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. మూటలు, పెట్టెలు ఒక్కొక్కటే ఎక్కించి దించే బదులు మొత్తం డబ్బానే ఎత్తి పెట్టడం ఆయన పద్ధతి. అది ఇళ్ల వాకిళ్ల దాకా రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. ఒకప్పుడు అగ్నిమాపక శాఖలో పనిచేసిన పీటర్ వార్‌హర్స్ట్ 1998లో ఫ్లోరిడాలో పాడ్స్ కంపెనీ పెట్టాక ఈ వ్యాపారానికి ఊపొచ్చింది. డబ్బా చుట్టూ ఒక ఇనుప చట్రాన్ని నిలబెట్టి, దాన్ని ఒరగనివ్వకుండా నిటారుగా పైకి లేపే యంత్రం వాళ్ల ప్రత్యేకత.

ఒరగనివ్వకుండా అన్న మాట మీకూ పనికొస్తుంది. కొన్ని కంపెనీల ట్రక్కులు వెనక భాగాన్ని వాల్చి డబ్బాను జారుస్తాయి, వాల్చే లాగుతాయి. ఖాళీ డబ్బాకు ఏమీ కాదు. నిండు డబ్బాను అలా వాలిస్తే లోపలున్నదంతా తలుపు వైపు వచ్చి పడుతుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడే మొదటి ప్రశ్నగా ఎలా ఎత్తుతారో అడగండి. వాల్చే రకమని చెబితే లోపల కట్టే తాళ్లు రెట్టింపు కావాలి. అద్దె గురించి తర్వాతైనా అడగొచ్చు.

డబ్బా దించే చోటు గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. సమంగా, గట్టిగా ఉన్న నేల కావాలి. కింద సెప్టిక్ ట్యాంకు గాని, కాలువ మీది మూత గాని ఉండకూడదు. డబ్బా బరువు, సామాను బరువు, ట్రక్కు బరువు అన్నీ ఒక్కసారే ఆ నేల మీద పడతాయి. పైన కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు చూసుకోవాలి, ఎందుకంటే ఎత్తే యంత్రం డబ్బాకంటే ఎత్తుగా ఉంటుంది. డబ్బా మూలల కింద చెక్క పలకలు వేస్తే గచ్చు మీద గుంటలు పడవు, అడుగున గాలి కూడా ఆడుతుంది. రోడ్డు మీద పెట్టాల్సి వస్తే చాలా చోట్ల మున్సిపాలిటీ అనుమతి కావాలి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఒప్పుకోవాలి. పై అంతస్తులో ఉండి, కింద డబ్బాకు చోటు లేనివాళ్లకు ఈ పద్ధతి సరిపడదనే నా అభిప్రాయం. లిఫ్టుకూ గేటుకూ మధ్య తిరిగి తిరిగి నడుములు పడిపోతాయి.

తలుపు ఏ వైపు ఉండాలో దించే ముందే తేల్చుకోండి. మాకు తెచ్చిన డ్రైవర్ తలుపును వీధి వైపు పెట్టి దించబోయాడు. ఆయనకు బయటికి వెళ్లడం అలా సులువు. "బాబూ, సామాను మోసేది మేము కదా, తలుపు ఇంటివైపు తిప్పు" అని మా ఆయన ట్రక్కు చుట్టూ తిరుగుతూ చేతులూపితే ఒకసారి వెనక్కెళ్లి తిప్పుకొచ్చాడు. దించాక అడిగితే మళ్లీ ఇంకో ఛార్జీ అయ్యేది. తలుపు పైకి చుట్టుకునే షట్టరా, రెండు రెక్కలుగా తెరుచుకునేదా అన్నదీ చూసుకోవాలి. రెక్కలైతే అవి పూర్తిగా తెరుచుకునేంత చోటు ముందు వదలాలి.

ఇక సైజు. ఇళ్లకిచ్చే డబ్బాలు ఎక్కువగా 8, 12, 16 అడుగుల పొడవుల్లో దొరుకుతాయి. వెడల్పు, ఎత్తు దాదాపు ఎనిమిదేసి అడుగులు. ఓడల మీద తిరిగే 20 అడుగుల కంటైనరే కావాలంటే లోపల సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. 16 అడుగుల ఇంటి డబ్బాలో దాదాపు 24. గదులను బట్టి సైజు చెప్పే పట్టికలు కంపెనీల దగ్గర ఉంటాయి గాని, అవి సామాను తక్కువగా ఉండే ఇళ్లను చూసి వేసినట్టుంటాయి. నేనైతే పెద్ద వస్తువులన్నిటినీ టేపుతో కొలిచి కాగితం మీద వేసుకున్నాను. మా ఆయన దీన్ని చూసి నవ్వారు. తర్వాత సోఫా నిలబెడితే పడుతుందా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఆ కాగితమే తీర్పు చెప్పింది.

చోటు గురించి అందరూ అడుగుతారు, బరువు గురించి ఎవరూ అడగరు. డబ్బాలో ఎంత చోటున్నా మోయగల బరువుకు హద్దు ఉంటుంది. అది కంపెనీని బట్టి, సైజును బట్టి మారుతుంది. రెండు టన్నులు, దానికి కొంచెం అటూ ఇటూ అన్న హద్దు చాలా చోట్ల కనిపిస్తుంది. నేను లైబ్రరీలో పనిచేస్తాను, పుస్తకాల బరువు నాకు చేతులతో తెలుసు. ఒక అడుగుకు ఒక అడుగున్నర ఉండే మామూలు అట్టపెట్టెలో పుస్తకాలు కుదించి పెడితే దాదాపు 25 కిలోలు తూగుతుంది. రెండు టన్నుల హద్దు ఉన్న డబ్బాలో అలాంటివి 80 పెడితే బరువు కోటా అయిపోయినట్టే. ఆ 80 పెట్టెలు ఆక్రమించే చోటు మూడున్నర ఘనపు మీటర్లు కూడా ఉండదు. అంటే 16 అడుగుల డబ్బాలో ఏడో వంతు నిండిందో లేదో, ఇంక పరుపు కూడా ఎక్కించడానికి వీల్లేదు! ఇంటినిండా పుస్తకాలున్నవాళ్లు, గ్రైండర్లు, రాతి సామాను, కుట్టుమిషన్లు, వ్యాయామం బరువులు ఉన్నవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి. నేను పుస్తకాలను వడపోసి, మళ్లీ ఎలాగూ చదవనివి లైబ్రరీకి ఇచ్చేశాను. మిగిలినవి చిన్న పెట్టెల్లో సగం పుస్తకాలు, సగం దిండు గలీబులు, తువ్వాళ్లు కలిపి సర్దాను. పెట్టె ఒక మనిషి ఎత్తగలిగేలా ఉండాలి. అడుగు ఊడిపోయే పెట్టెలన్నీ పుస్తకాలవే.

సర్దే పద్ధతికి వద్దాం. కంటైనర్ తీసుకున్నప్పుడు మనకు సమయం దొరుకుతుంది, కాని లారీతో వచ్చే అనుభవం గల కూలీలు ఉండరు. వాళ్ల కంటికి ఏది ఎక్కడ పడుతుందో చూడగానే తెలిసిపోతుంది. ఆ కన్ను మనకు లేదు కాబట్టి దొరికిన సమయాన్ని అక్కడ ఖర్చు పెట్టాలి. మా తమ్ముడు లోపల నిలబడ్డాడు, మేము అందించాం. ఒకరే లోపల ఉండి సర్దడం మంచి ఏర్పాటని తేలింది. ఇద్దరు ముగ్గురు చెప్పడం మొదలుపెడితే బల్ల నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది.

బరువైనవి నేల మీద, తేలికవి పైన అన్నది అందరికీ తెలిసిందే. దాంతో పాటు బరువు ఒక పక్కకు పేరుకోకూడదు. ఫ్రిజ్ ఎడమ గోడకు చేరిస్తే బీరువా కుడి గోడకు. లోపలి కొసన రెండు బరువైనవి పెడితే తలుపు దగ్గరికి వచ్చేసరికి వాటికి జోడీ ఇంకొకటి ఉండాలి. లేకపోతే ఎత్తేటప్పుడు డబ్బా ఒక వైపు దిగుతుంది. సోఫాను నిలువునా నిలబెడితే నేల మీద చాలా చోటు మిగులుతుంది. బల్లల కాళ్లు విప్పి, మరలను చిన్న సంచిలో వేసి, ఆ సంచిని అదే బల్ల అడుగున టేపుతో అంటించాలి. మరలన్నీ ఒకే డబ్బాలో పోసేవాళ్లను చూశాను. వాళ్లు కొత్తింట్లో మంచం బిగించేసరికి అర్ధరాత్రి అవుతుంది.

ఇక అడ్డువరసలు. లోపలి గోడ నుంచి మొదలుపెట్టి నేల నుంచి పైకప్పు దాకా ఒక వరస పూర్తిగా కట్టాలి. సందుల్లో దిండ్లు, దుప్పట్లు, మెత్తటి బట్టల మూటలు కుక్కాలి. ఆ వరస కదలకుండా గోడ కొక్కాలకు తాళ్లో, బిగించే పట్టీలో కట్టి, అప్పుడు రెండో వరస మొదలుపెట్టాలి. ఇంట్లో ఏ గది ముందు ఖాళీ అయితే దాన్ని అలా నేలంతా పరిచేస్తే పైన సగం చోటు గాలికి పోతుంది, ప్రయాణంలో పై పెట్టెలు దొర్లుతాయి. తలుపు దగ్గరి చివరి వరస ఎదుట పరుపో, బల్ల పలకో అడ్డంగా నిలబెట్టి కట్టాలి. తలుపు మీద ఏదీ ఆనకూడదు. అవతలి ఇంటి దగ్గర తలుపు తీసేవాడి మీద కుర్చీ పడకుండా ఉండాలంటే ఇదే దారి.

పెట్టెలకు నంబర్లు వేయడం నా వృత్తి దోషం. అయినా చెబుతాను. పెట్టె మీద "వంటిల్లు" అని మాత్రమే రాస్తే ఉపయోగం లేదు, వంటింటివే ఇరవై ఉంటాయి. నంబరు వేయండి, పైన కాకుండా రెండు పక్కల మీద వేయండి. పేర్చాక పైభాగం ఎవరికీ కనబడదు. నోటు పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా లోపల ఏముందో, ఏ వరసలో ఉందో రాయండి. ప్రతి వరస కట్టడం అవగానే ఫోన్లో ఒక ఫోటో తీయండి. ఫోటోలు బీమాకూ పనికొస్తాయి, ఫలానా వస్తువు ఉందా లేదా అన్న కుటుంబ తగాదాలకూ పనికొస్తాయి.

ఇప్పుడు అసలు విషయం, తేమ. లారీ ప్రయాణం గంటల్లో అయిపోతుంది కాబట్టి అక్కడ తేమ గురించి ఎవరూ మాట్లాడరు. కంటైనర్ వారాలు, ఒక్కోసారి నెలలు మూసి ఉంటుంది. పగలు ఎండకు లోపల 50 డిగ్రీలు దాటొచ్చు, రాత్రికి పైకప్పు రేకు చల్లబడిపోతుంది. వేడిగాలి ఎక్కువ నీటిని పట్టి ఉంచుతుంది: 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో 30 గ్రాముల దాకా, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాముల దాకా. చల్లబడినప్పుడు మిగిలిన నీరు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. అన్నిటికంటే చల్లగా ఉన్న పైకప్పు లోపలి వైపు చెమర్చి, చుక్కలుగా సామాను మీద పడుతుంది. సరుకు రవాణావాళ్లు దీన్ని కంటైనర్ వాన అంటారు.

బయట వాన పడుతుంటే నీళ్లు కారతాయేమోనని భయపడతాం గాని ఈ వాన లోపలే పుడుతుంది. ఆ నీళ్లు ఎక్కడివి? గాలిలోవి కొంచెమే. సామాను నిండాక డబ్బాలో మిగిలే గాలిలో ఒకటి రెండు గ్లాసుల నీళ్ల కంటే ఎక్కువ ఉండవు. అసలు నిల్వ చెక్కలో, అట్టలో, బట్టల్లో ఉంటుంది. పొడిగా కనిపించే చెక్కలో కూడా దాని బరువులో పదో వంతు దాకా నీరు ఉండడం మామూలే. అర టన్ను చెక్క సామాను ఉంటే 40 లీటర్ల పైన నీటిని మనమే తీసుకెళ్లి లోపల పెట్టి తాళం వేస్తున్నామన్నమాట. అందులో కొంచెం బయటికొచ్చినా చాలు. పగలు వేడికి చెక్క నీరు విడుస్తుంది, రాత్రి అది పైకప్పుకు పడుతుంది, పొద్దునకి పరుపు మీద మచ్చ.

కాబట్టి తడి విషయంలో నేను ఇంట్లో అందరినీ విసిగించాను. సర్దడానికి ముందు ఏదీ తడిగుడ్డతో తుడవకూడదు. తుడిస్తే పూర్తిగా ఆరాక ఒక రోజు ఆగాలి. వాన కురుస్తున్నప్పుడు ఎక్కించకూడదు, ఎక్కించాల్సి వస్తే పెట్టెలు తడవకుండా పందిరి ఉండాలి. ఉతికిన బట్టలు చేతికి పొడిగా తగిలినా అంచులు, కుట్లు చూడాలి. వాషింగ్ మెషిన్ గొట్టాల్లో నీళ్లు వంచేయాలి. డ్రమ్ము కదలకుండా పట్టే బోల్టులు, కొన్నప్పుడు విప్పి దాచినవి, వెతికి మళ్లీ బిగించాలి. ఫ్రిజ్‌లో మంచు కరిగించి, తుడిచి, తలుపు తెరిచి ఒక పూర్తి రోజు ఆరబెట్టాలి. లోపల పెట్టాక కూడా తలుపు పూర్తిగా మూయకుండా మధ్యలో గుడ్డ మడత ఇరికించి కట్టాలి. మూసిన ఫ్రిజ్‌ను నెల తర్వాత తెరిస్తే ఆ వాసన ఎన్ని కడుగుళ్లకూ పోదు. దాన్ని నిటారుగానే ఉంచండి. పడుకోబెట్టి తేవాల్సి వస్తే, కొత్తింట్లో నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి, కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగాలి.

ప్లాస్టిక్ దగ్గర చాలామందితో నేను విభేదిస్తాను. చెక్క సామానును, తోలు సోఫాను బబుల్ ర్యాప్‌తోనో ప్లాస్టిక్ షీట్‌తోనో గట్టిగా చుట్టేస్తారు. లారీలో ఒక్క పూటకైతే సరే. నెలరోజులకు అలా చుట్టితే లోపలి తేమ బయటికి పోక పాలిష్ మీద తెల్ల మచ్చలు, తోలు మీద బూజు వస్తాయి. ముందు పాత నూలు దుప్పటి చుట్టి, దాని మీద తాడు కట్టండి. అత్తయ్యగారి బీరువాకు ఆవిడవే పాత నూలు చీరలు చుట్టాం. "ఇన్నాళ్లకు ఇవి పనికొచ్చాయి" అని ఆవిడే దగ్గరుండి ముడులు వేశారు, రేకు డబ్బా అన్న మాట ఆ తర్వాత మళ్లీ అనలేదు. పై వరసల మీద ప్లాస్టిక్ బదులు విప్పిన అట్టలు, వాటి మీద మందపాటి నూలు దుప్పట్లు పరిచాం. చుక్కలు పడితే అవి పీల్చుకుంటాయి, గాలి కూడా ఆడుతుంది. గోడలకు ఆనుకునేవి ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప అరలు లాంటివి అయితే మంచిది. అట్టపెట్టెలు లోపలికి ఉండాలి. నేల మీద నేరుగా పెట్టెలు పెట్టకుండా చెక్క చట్రాలు పరిచి వాటి మీద పేర్చండి. డబ్బాలో పైన చిన్న గాలి రంధ్రాలు ఉంటాయి, వాటిని పెట్టెలతో మూయకండి.

తేమ పీల్చే సంచులు కొనండి. చిన్న చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఈ పనికి చాలవు. కాల్షియం క్లోరైడ్ ఉన్న పెద్ద సంచులు ఉంటాయి, అవి తమ బరువుకు మించి నీటిని పీల్చి, లోపలే ద్రవంగా పట్టి ఉంచుతాయి. వాటిని పైకప్పు కొక్కాలకు వేలాడదీయాలి, కింద బట్టలు గాని తోలు గాని లేకుండా చూసుకోవాలి. లోపల తేమ 60 శాతం లోపు ఉంటే బూజుకు పెరిగే వీలు దాదాపు ఉండదు. చిన్న తేమ మీటరు ఒకటి తలుపు దగ్గర వేలాడదీస్తే మధ్యలో తెరిచినప్పుడు చూసుకోవచ్చు.

వేడి సంగతి తేమంత క్లిష్టం కాదు. కరిగేది, వంగేది, పేలేది లోపల పెట్టొద్దు. కొవ్వొత్తులు, మందులు, పాత ఫోటోలు, గ్రామఫోన్ రికార్డులు, హార్డ్ డిస్కులు, ల్యాప్‌టాప్‌లు మీతోనే ఉంచుకోండి. వీణ, గిటార్ లాంటి వాయిద్యాలు కూడా. గ్యాస్ సిలిండర్, పెట్రోలు, రంగులు, థిన్నర్, టపాసులు, విడి లిథియం బ్యాటరీలు, మొక్కలు, తినే వస్తువులు సాధారణంగా ఏ కంపెనీ ఒప్పుకోదు, ఒప్పుకున్నా పెట్టకూడదు. తినే వస్తువులకు ఎలుకలు, చీమలు, పురుగులు వస్తాయి, ఒక్క బియ్యం సంచి చాలు. ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, నగలు సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

తాళం ఎక్కువగా మనమే కొనుక్కోవాలి. కొక్కెం పెద్దగా బయటికి కనబడే రకాన్ని కట్టర్‌తో కత్తిరించడం సులువు. గుండ్రంగా బిళ్లలా ఉండి కొక్కెం దాదాపు కనబడని రకం మంచిది. తాళంచెవి ఒకటి మీ దగ్గర, ఇంకొకటి సామానుతో సంబంధం లేని ఎవరి దగ్గరైనా పెట్టండి. నవ్వకండి, తాళంచెవుల గుత్తిని సొరుగులో పెట్టి, ఆ సొరుగును డబ్బాలో పెట్టి తాళం వేసిన వాళ్లు నాకు తెలుసు.

బీమా కాగితం ఆ నిద్రొచ్చే చిన్న అక్షరాలతో సహా చదవాలి. డబ్బాకు ఉన్న బీమా వేరు, లోపలి సామానుకు ఉన్న బీమా వేరు. ఇంటి బీమా ఉన్నా, ఇంటి బయట గోడౌన్లో ఉన్న సామానుకు అది వర్తిస్తుందో లేదో అడగాలి. మనమే సర్దిన పెట్టెల్లో పగిలిన వాటికి చాలా పాలసీలు బాధ్యత తీసుకోవు, బూజుకూ తేమ నష్టానికీ కూడా అంతే. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

డబ్బు విషయంలో నెల అద్దె ఒక్కటే చూసి కంపెనీలను పోల్చకండి. తెచ్చి దించడానికి ఒక ఛార్జీ, ఎత్తుకెళ్లడానికి ఒకటి, కొత్తింటికి తేవడానికి దూరాన్ని బట్టి ఒకటి, చివరికి ఖాళీ డబ్బా తీసుకెళ్లడానికి ఇంకొకటి ఉంటాయి. నెల దాటి ఒక రోజు ఎక్కువైతే రోజు లెక్కా, పూర్తి నెల లెక్కా? ఇంటి పనులు చెప్పిన రోజుకు పూర్తికావు కాబట్టి మొత్తం లెక్కను మార్చేసేది ఈ ప్రశ్నే. గోడౌన్లో ఉండగా మధ్యలో వెళ్లి తెరవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, దానికి ఛార్జీ ఉందా అన్నదీ అడగండి. వరసలుగా పేర్చిన డబ్బాల్లోంచి మీదాన్ని యంత్రంతో బయటికి తీయాలి, వెళ్లగానే తెరిచివ్వరు. అందుకే మధ్యలో కావాల్సినవి అసలు లోపల పెట్టకండి. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకు కావాల్సిన రంగుల పెట్టె మూడో వరసలో ఉందని నోటు పుస్తకం చూసి చెప్పగలిగాను. తీయడం మాత్రం కుదరదు, కొత్తది కొన్నాం.

కొత్తింటి దగ్గర దించుకోవడం ఎక్కించడం కంటే సుఖం. గచ్చు పూర్తిగా ఆరిందో లేదో చూసుకుని పిలవండి. తడి ఇంట్లోకి పొడి సామాను తెస్తే పడ్డ శ్రమంతా వృథా. తలుపు తీసిన వెంటనే మోయడం మొదలుపెట్టకుండా కాసేపు గాలి ఆడనివ్వండి. ముందు ఫోటోలు తీయండి, ఏదైనా తడిసినట్టు కనిపిస్తే కదిలించక ముందే తీయండి. మా పైవరస దుప్పట్లలో ఒకటి రెండు చోట్ల చెమ్మ తగిలింది, కింద అట్ట మాత్రం పొడిగానే ఉంది. బీరువా చీరలు విప్పుతూ అత్తయ్యగారు ప్రతి తలుపూ తెరిచి వాసన చూశారు. "ముక్కవాసన లేదు, పర్లేదు" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం మా ఇంట్లో పెద్ద సర్టిఫికెట్.

దించాక డబ్బా ఊడ్చి, ఖాళీ డబ్బాకు కూడా ఒక ఫోటో తీయండి. నేల మీద గీతలు మీవని ఎవరైనా అంటే చూపించడానికి. ఖాళీ అయిందని ఫోన్ చేసి ఊరుకోకండి. తీసుకెళ్లడానికి వాళ్లు ఎప్పుడు వస్తారో, అద్దె ఏ తేదీతో ఆగుతుందో రాతలో తీసుకోండి, ఆ రెండూ ఒకటే తేదీ కాకపోవచ్చు. తాళం విప్పి ఇంట్లో పెట్టుకోండి, అది మీ డబ్బుతో కొన్నదే.